చెక్క నేల, లామినేట్ నేల: పని ఒప్పుకునే ముందు, ఒప్పుకున్నాక

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో, ఇళ్ళ నేలల సంరక్షణ పని చేస్తున్న సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పు, వసూలు లెక్కలు ఉదయమే విన్నాం. మాకిచ్చిన పావుగంటలో మేము చేసే పని గురించి చెబుతాం. మాది నేలల పని. మూడు సంఘాల నుంచి కలిసిన తొమ్మిది మందిమి. గచ్చు కడగడం ఎవరికి రాదు, దానికో ప్రసంగమా అని కొందరు వెనక నవ్వుకోవచ్చు. గచ్చు సంగతి కాదండి. చెక్క నేల సంగతి. గచ్చుకి నీళ్ళే బలం, చెక్కకి నీళ్ళే శత్రువు. ఈ తేడా తెలియక మన అక్కల జీతాలు పోతున్నాయి. అందుకే ఈ మాట సభలో పెట్టమని అడిగాం.

మన కోనసీమలో చెక్క నేల కొత్తదేం కాదు. పాత మండువా లోగిళ్ళలో అటకలున్నాయి, మేడ మీద చెక్క పరిచిన గదులున్నాయి. కింద తాటి దూలాలు, పైన టేకు బల్లలు. ఆ టేకులో కొంత రంగం వెళ్ళొచ్చిన వాళ్ళ కాలంలో దిగిన బర్మా టేకని ఆ ఇళ్ళవాళ్ళు చెప్పుకుంటారు. కొంత మన్యం నుంచి గోదావరి మీద తెప్పలుగా కట్టి దించినది. కొత్తది ఏంటంటే లామినేట్. కువైట్, దుబాయ్, అమెరికా డబ్బుతో కట్టిన ఇళ్ళలో పడకగదికి, హాలుకి ఇదే వేయిస్తున్నారు. సెలవులకి వచ్చేవాళ్ళకి ఇచ్చే ఇళ్ళలోనూ ఇదే కనిపిస్తోంది. ఇంటివాళ్ళు ఏడాదిలో నెల రోజులుంటారు. మిగతా పదకొండు నెలలు తాళం మన అక్క చేతిలో ఉంటుంది. ఊడ్చేది, తుడిచేది, కిటికీ తీసేది, మాట పడేది కూడా మనమే.

మొదట ఏ నేలో తెలుసుకోవాలి. పైకి అన్నీ చెక్కలాగే ఉంటాయి. గుమ్మం దగ్గరో, నేల ఆగిపోయే అంచు దగ్గరో వంగి చూడండి. పైనుంచి కిందిదాకా ఒకటే చెక్క అయితే అది అసలు బల్ల. పైన పలచటి మంచి చెక్క, కింద ప్లైవుడ్ లాంటి పొరలుంటే అది ఇంజనీర్డ్ చెక్క. కింద గోధుమ రంగు అట్టలాంటిది, పైన గాజులా మెరిసే పొర ఉంటే అది లామినేట్. లామినేట్ మీద కనిపించే చెక్క గీతలు బొమ్మ మాత్రమే. కాగితం మీద అచ్చు వేసి, మెలమైన్ పూత పోసి, చెక్క పొడిని జిగురుతో గట్టిగా అదిమిన అట్ట మీద అంటించారు. నాలుగడుగులు నడిచి చూడండి, అదే ముడి, అదే గీత మళ్ళీ వస్తుంది. దేవుడు చేసిన చెట్టుకి అలా రాదు కదా. ఇంకోటి ఉంది, ఎస్‌పీసీ అంటారు, ప్లాస్టిక్, రాతిపొడి కలిపినది. దానికి తడి వల్ల పెద్ద నష్టం లేదు. దాని గురించి ఇక్కడ చెప్పం.

ఎందుకింత పట్టింపు అంటే, అసలు చెక్క పాడైతే పైన గీకి మళ్ళీ పాలిష్ వేయొచ్చు. టేకు బల్ల అలా చాలాసార్లు తట్టుకుంటుంది. ఇంజనీర్డ్ ఒకసారో రెండుసార్లో తట్టుకుంటుంది, అదీ పైపొర మందం చూసుకుని. లామినేట్‌ని గీకితే బొమ్మే పోతుంది. పాడైన బల్ల తీసి ఇంకో బల్ల వేయడం ఒక్కటే దారి. అందుకే మేము పని ఒప్పుకునే రోజే అడుగుతాం: నేల వేయించినప్పుడు మిగిలిన పెట్టె ఏదైనా ఉందా అని. ఉంటే దాన్ని బీరువా వెనక నిలబెట్టకుండా, పడుకోబెట్టి పొడిగా దాచమంటాం. నాలుగేళ్ళ తర్వాత అదే డిజైను షాపులో దొరకదు.

లామినేట్ నేల స్వీడన్‌లో పుట్టింది. 1977లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ కనిపెట్టింది. అక్కడి గాలి వేరు, మన గాలి వేరు. మనకి మూడు పక్కల గోదావరి పాయలు, ఒక పక్క సముద్రం. కాలువ పక్క ఇళ్ళలో గోడలోకి ఊట ఎక్కుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెక్క పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం ఆరి ముడుచుకుంటుంది. ఇది మన ధాన్యం లెక్కే. కొనుగోలు కేంద్రంలో పనిచేసిన అక్కలకి తెలుసు, 17 శాతం తేమ దాటితే బస్తా వెనక్కి. చెక్కకీ అలాంటి మీటరే ఉంటుంది, రెండు సూదులు గుచ్చితే శాతం చూపిస్తుంది. ఇంటి లోపలి చెక్కకి 12 ప్రాంతంలో ఉంటే నిశ్చింత. వానాకాలం మన దగ్గర ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. 20 దాటి అలాగే ఉండిపోతే కుళ్ళు పట్టే దారిలో ఉందని లెక్క. మేము సమాఖ్య అప్పుతో కొన్న మొదటి సామాను ఈ మీటరే. వాక్యూమ్ క్లీనర్ రెండోది.

ఉబ్బడానికి చోటు కావాలి కాబట్టే లామినేట్ వేసేవాళ్ళు గోడ పక్కన ఎనిమిది, పది మిల్లీమీటర్ల సందు వదులుతారు. పైన అంచుపట్టీ ఉంటుంది గనక మనకి కనపడదు. కొందరు ఇంటివాళ్ళు బొద్దింకలు వస్తున్నాయని ఆ సందులో సిమెంటు కూరిస్తారు. వానాకాలం రాగానే నేల మధ్యలో పైకి లేస్తుంది. నడిస్తే కిర్రుమంటుంది. అప్పుడు మళ్ళీ మనల్నే అడుగుతారు, ఏం చేశావని.

ఇప్పుడు రోజువారీ పని. అసలు నష్టం చేసేది ఇసుక. మన కాలికంటే ఇసుక రేణువు గట్టిది, నడిచినప్పుడల్లా పూతని గీకుతుంది. బయట ఒకటి, లోపల ఒకటి కొబ్బరి పీచు పట్టా వేయించండి. అంబాజీపేట పక్కన మన సంఘాలే నేస్తున్నాయి, ఎక్కడో వెతకక్కర్లేదు. లోపలి పట్టా కింద మాత్రం రబ్బరు ఉండకూడదు, కొన్ని నేలల మీద మచ్చ పడుతుంది. తర్వాత మెత్తటి చీపురు లేదా వాక్యూమ్. ఆ తర్వాతే తుడవడం. మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, చుక్క కారనంతగా పిండి, గీతల వెంట తుడవాలి. తుడిచిన తడి ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. ఆరలేదంటే గుడ్డలో నీళ్ళెక్కువైనట్టే. బకెట్ గదిలోకి తీసుకెళ్ళకండి, గుమ్మం బయట పెట్టండి. ఒకసారి తన్నుకుంటే పది లీటర్లు చెక్కల సందుల్లోకి పోతాయి.

ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్, బట్టల సోడా, గిన్నెల పీచు వద్దు. ఆవిరితో తుడిచే మాప్ వద్దు. లామినేట్ మీద మైనం, నూనె వేయకండి, అది పీల్చుకోదు, జారుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో నడుము విరుగుతుంది. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చిన అక్కలకి ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. మాలో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే. మాకు పిండడం నేర్పింది వాళ్ళే. అక్కడ ఆ పనికి చదువుకున్నదానిలా విలువ ఇచ్చారని కాదు, తప్పు చేస్తే జీతం కోస్తారని నేర్చుకున్నారు.

పండగలప్పుడు జాగ్రత్త ఇంకా కావాలి. సంక్రాంతికి ఇంటివాళ్ళు దిగుతారు. భోగికి ముందు వారం మాకు ఊపిరాడదు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి, కాళ్ళకి తోట మట్టితో యాభై మంది హాల్లోకి వస్తారు. గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కునే చోటు, తుడుచుకునే గోనె పట్టా మనమే ముందు పెట్టుకోవాలి. ముగ్గుపిండి లోపల వేయనీయకండి, అది రాతిపొడి. వేయాల్సిందే అంటే వరిపిండి అనండి. దీపం కింద, హారతి కింద పళ్ళెం. పసుపు నీళ్ళు ఒలికితే ఆ క్షణమే తుడవాలి, మర్నాటికి అది ఇక మచ్చే.

తాళం వేసిన ఇంటిది వేరే కథ. నెలల తరబడి మూసి ఉంచితే లోపలి గాలి మాగిపోతుంది, నేల మీద బూజు కడుతుంది. కిటికీలు తీయాలి, కానీ ఎప్పుడంటే అప్పుడు కాదు. ముసురు పట్టిన రోజు తీస్తే బయటి తేమని లోపలికి పిలిచినట్టే. పొడి ఎండ కాసిన రోజు పదింటికి తీసి మూడింటికి వేసేయాలి. ఎండ నేరుగా పడే చోట పరదా వేయాలి, లేదంటే తివాచీ ఉన్నచోటు ఒక రంగు, లేనిచోటు ఒక రంగు అవుతుంది.

చెదల మాట. తొలకరి పడ్డాక ఉసిళ్ళు లేస్తాయి కదా. పొద్దున్నే వాటి రెక్కలు కిటికీ కింద కుప్పగా కనిపిస్తే ఊడ్చేసి మర్చిపోకండి. దీపానికి బయటి నుంచి వచ్చినవా, ఇంట్లోంచే లేచినవా చూడాలి. తలుపులన్నీ వేసి ఉన్న గదిలో రెక్కలు రాలి ఉంటే పుట్ట దగ్గర్లోనే ఉంది. అంచుపట్టీల వెంట, గుమ్మం చట్రం వెంట మట్టి బాటలు వెతకండి. వేలి కణుపుతో బల్ల మీద కొట్టండి, బోలుగా మోగితే లోపల తినేసింది. చెక్కమీద చిన్న చిల్లులుండి, కింద పిండిలాంటి పొడి రాలుతుంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. రెండింటికీ మందు వేరు. చెదల మందు మనం కొట్టొద్దు. లైసెన్సున్న వాళ్ళని ఇంటివాళ్ళ ఖర్చుతో పిలిపించాలి. ఆ రోజు లోపల ఉండకూడదు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు మర్నాడు కూడా వెళ్ళకూడదు. ఇదొక్కటి మాత్రం కఠినంగా పెట్టుకున్నాం.

మోరి వైపు అక్కలు ఒక మాట అడిగారు, జీడిపిక్క తొక్క నూనె రాస్తే చెద పట్టదు కదా, పడవలకి రాస్తారు కదా అని. నిజమే, రాస్తారు. కానీ జీడిపప్పు ఒలిచే చేతులు ఎలా ఉంటాయో ఆ అక్కలకే తెలుసు. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, నేలని నల్లగా చేస్తుంది. పిల్లలు పాకే నేలకి అది వద్దు. అటక దూలాల మీద వాడిన ఇంజనాయిల్ రాసే అలవాటు కూడా ఉంది. ఆ వాసన ఏళ్ళ తరబడి పోదు, పైగా నిప్పు తగిలితే అంటుకుంటుంది.

పాత టేకు నేలకి పాలిష్ పోయిందా లేదా అన్నదానికి ఖర్చులేని పరీక్ష ఉంది. నాలుగు చోట్ల ఒక్కో చుక్క నీళ్ళు వేయండి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత బాగుంది. కొద్ది నిమిషాల్లో ఇంకి నల్లబడితే పూత పోయింది. ఎక్కువ నడిచే చోట్లలోనే ముందు పోతుంది. మొత్తం పోయేదాకా ఆగితే గీకాల్సి వస్తుంది. ముందే పట్టుకుంటే సన్న గరుకు కాగితంతో పైపైన రుద్ది ఒక పూత వేస్తే చాలు. ఖర్చులో సగానికి సగం తేడా. ఏడాదికోసారి ఈ చుక్కల పరీక్ష చేసి పుస్తకంలో రాస్తున్నాం.

గీకే పని ఎప్పుడు పెట్టుకోవాలి? సంక్రాంతి చుట్టాలు వెళ్ళాక, ఫిబ్రవరి, మార్చిలో. గాలి పొడిగా ఉంటుంది, పూత త్వరగా ఆరుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కూడా చేయొచ్చు. కానీ అప్పుడు బల్లల మధ్య సందులు బాగా తెరుచుకుంటాయి. ఆ సందులు చూసి ఇంటావిడ పొట్టు, జిగురు కలిపి పూడ్చేయమంటుంది. వద్దని చెప్పాలి. వానాకాలం బల్లలు ఉబ్బినప్పుడు ఆ పూడ్చినది పైకి తన్నుకొస్తుంది, లేదంటే బల్ల అంచులు పైకి లేచి దోనెలా వంగుతాయి. గోరు దూరేంత సందు దానంతటదే మూసుకుంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా, అంటే వరదలు, తుపాన్లు వెళ్ళేదాకా, గీకే పని ఒప్పుకోం. ఎంతిచ్చినా సరే. మేలో అటక పైన పెంకులు సర్దించమని మాత్రం ఇంటివాళ్ళకి గుర్తుచేస్తాం. పై నుంచి కారుతుంటే కింద ఎంత పాలిష్ వేసినా దండగ.

గీకేటప్పుడు 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, చివర 180. ఎప్పుడూ గీతల వెంటే, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ పడ్డాక పైకి తేలతాయి. మాస్కు తప్పనిసరి. చెక్కపొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ముక్కులో కాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగమే చెప్పింది. కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోదు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలీదు. అవిసె నూనె పాలిష్ రాసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. ఆ నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తడిగడ్డి వాములో చెయ్యి పెడితే లోపల ఎంత వేడిగా ఉంటుందో చూసే ఉంటారు, చూడ్డానికి అలాంటిదే. అందుకని గుడ్డలు ఒక్కోటి విడివిడిగా ఆరుబయట తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో ముంచి ఉంచాలి. తాళం వేసే ఇంట్లో ఒక్క గుడ్డ కూడా వదిలిరాకూడదు.

వరదొస్తే? 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మన లంకల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళలో నానిన లామినేట్ మీద ఆశ వదులుకోవాలి. వెంటనే తీసేయకపోతే కింద నేల కూడా కుళ్ళిన వాసన వస్తుంది. టేకు మాత్రం దక్కుతుంది. ఒండ్రు ఆరకముందే కడిగేయాలి, అక్కడక్కడ ఒక బల్ల లేపి కిందకి గాలి తగిలేలా చేయాలి, నీడలో ఫ్యాను గాలికి నిదానంగా ఆరనివ్వాలి. త్వరగా ఆరాలని ఎండలో పడేస్తే మెలితిరుగుతుంది. మీటరు మామూలు అంకెకి దిగేదాకా, నెలలు పట్టినా, గీకడం మొదలుపెట్టొద్దు.

ఇక జీతాల సంగతి. మన మండలంలోనే ఒక ఊళ్ళో ఒక ఇల్లు. పేర్లు వద్దు. అక్కడ పనిచేసే చెల్లి మన పక్క సంఘం సభ్యురాలు. వానాకాలం దాటాక హాల్లో లామినేట్ అంచులు ఉబ్బాయి. నీళ్ళు కుమ్మరించి కడిగావని రెండు నెలల జీతం ఆపేశారు. ఆ చెల్లి సంఘం సమావేశంలో చెబితే, ఇంటివాళ్ళ అనుమతి తీసుకుని మేము నలుగురం వెళ్ళి చూశాం. తుడవడం వల్ల ఉబ్బితే రోజూ తుడిచే చోటంతా, ప్రతి అతుకు దగ్గరా ఉబ్బాలి కదా. హాలు మధ్యలో, గుమ్మం దగ్గర ఏమీ లేదు. ఏసీ ఉన్న గోడ కింద మొదలై విసనకర్రలా ముందుకి పరుచుకుంది. మీటరు పెడితే గోడ దగ్గర ఎక్కువ, ముందుకొస్తున్నకొద్దీ తక్కువ. అంచుపట్టీ తీస్తే వెనక గోడ చెమ్మ. ఏసీ నీళ్ళ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది, నీళ్ళు గోడలోకే దిగుతున్నాయి. ఫోటోలు తీసి, ఫోన్లో చూపించాం. ఒక నెల జీతం వచ్చింది. రెండోది ఇంకా రావాలి. ఇస్తామంటున్నారు.

దీన్నుంచి మేము మా పద్ధతి మార్చాం. మనకి అలవాటు, ఎవరైనా పిలిస్తే ‘ఆయ్, అలాగేనండి’ అని పనిలో దిగిపోతాం. ఇప్పుడు ముందు నేల చూస్తాం. ఏ రకం, ఎన్ని చదరపు అడుగులు, ఎక్కడెక్కడ ఉబ్బు, గీత, మచ్చ ఉన్నాయో ఇంటివాళ్ళ ఎదుటే రాసి, తేదీతో ఫోటో తీసి, ఇద్దరం సంతకం పెడతాం. విదేశంలో ఉంటే వాట్సాప్‌లో పంపి సరేనని జవాబు రప్పిస్తాం. ఏసీ గొట్టం, కుళాయి కారుడు, పైకప్పు, చెద, ఇవి మా బాధ్యత కాదని, కనిపిస్తే రెండు రోజుల్లో చెప్పడం మాత్రం మా బాధ్యతని అందులో ఉంటుంది.

ధర కూడా గదికింత అని చెప్పడం మానేశాం. 12 అడుగులు, 14 అడుగుల గది అంటే 168 చదరపు అడుగులు. గది అంటే ఎవరి గది ఎంతో ఎవరికి తెలుసు. కూలి వేరు, పాలిష్, కాగితం, మాస్కుల ఖర్చు వేరు, ఆటో వేరు రాస్తాం. బల్లలు మార్చాల్సి వస్తే కోతల్లో పోయేదానికి పదో వంతు ఎక్కువ తెప్పిస్తాం. కొత్త బల్లలు తెచ్చాక పెట్టె ఆ గదిలోనే రెండు రోజులుంచుతాం, ఆ గాలికి అలవాటు పడాలి. కొనేటప్పుడు పెట్టె మీద ఏసీ3, ఏసీ4 అని ఉంటుంది. అది చల్లటి ఏసీ కాదు, అరుగుదలకి ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఇంటికి 3 చాలు, చుట్టాలు ఎక్కువ తిరిగే ఇంటికి 4.

సమాఖ్యని మేము కోరేది రెండు. ఒకటి, ఆ ఒప్పుకోలు కాగితాన్ని సమాఖ్య ముద్రతో అచ్చు వేయించి అన్ని గ్రామ సమాఖ్యలకీ ఇవ్వాలని తీర్మానం. మా తొమ్మిది మందికే కాదు, ఇంటి తాళాలు చూసుకునే ప్రతి సభ్యురాలికీ. రెండు, ఆ చెల్లికి రావాల్సిన నెల జీతం గురించి సమాఖ్య తరఫున ఒక ఉత్తరం. మేము అడిగితే పనివాళ్ళు అడిగినట్టుంటుంది, సమాఖ్య అడిగితే వేరుగా ఉంటుంది.

నేర్చుకోవాలనుకునే అక్కలు ఈ నెల సమావేశంలో మీ విఓఏకి పేరు రాసివ్వండి. పాత మేడ ఉన్న ఒక ఇంటివాళ్ళు నేర్పడానికి తమ చెక్క గది వాడుకోమన్నారు. మార్చి లోపల పెట్టుకుంటాం. వచ్చేటప్పుడు ఎవరి తుడిచే గుడ్డ వాళ్ళే తెచ్చుకోండి, ముందు పిండడం చూస్తాం.